వ్యాయామంలో కరిగిన కేలరీలు మళ్లీ తినాలా? ముందు మీ 1500 ఎక్కడిదో చూడండి

రోజుకు 1500 కేలరీలు తింటూ బరువు తగ్గాలని చూస్తున్నారు, రోజూ గంట నడుస్తారు, వాచీ 400 కరిగాయంటోంది, ఆ 400 అదనంగా తినాలా వద్దా అన్నది మీ ప్రశ్న. వద్దు. గంట నడక, మామూలు జిమ్ స్థాయి వ్యాయామానికి విడిగా తిండి కలుపుకోవాల్సిన అవసరం దాదాపు ఎవరికీ ఉండదు. ఎందుకో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

అక్కకి అప్పుడు 41 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. సాయంత్రం గంటసేపు చెమట పట్టేలా నడిచేది. తిండీ కొలుచుకునే తినేది. అయినా బరువు ఒక్క కిలో కూడా తగ్గడం లేదు. ఒకసారి రాత్రి వాళ్లింట్లో ఉన్నాను. భోజనాలై చాలాసేపైంది. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, అక్క ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో బిస్కెట్ల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆకలేస్తోందా అని అడిగాను. "ఆకలేం లేదురా. ఇంకా 380 మిగిలిపోయాయి. తినకపోతే మెటబాలిజం పడిపోతుందట" అంది. ఫోన్‌లోని కేలరీల యాప్‌లో, వాచీ నుంచి వచ్చిన ఆ 380 పచ్చరంగులో, ముందు ప్లస్ గుర్తుతో మెరుస్తోంది. ఒక బిస్కెట్ తినడం, డబ్బా మీద లెక్క చూసి ఫోన్‌లో కొట్టడం, మళ్లీ ఇంకొకటి తీయడం. ఇష్టంగా తింటున్న ముఖం కాదు అది.

వాచీ ఇటివ్వమని సెట్టింగ్స్ తెరిచాను. బరువు 92 కిలోలు, పురుషుడు అని ఉంది. ఆ వాచీ మొదట బావది. ఆయన వాడకుండా పక్కన పెడితే అక్క తీసుకుంది, వివరాలు మార్చాలని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. గట్టిగా నడిస్తే గంటకు, బరువులో ప్రతి కిలోకూ దాదాపు 4 కేలరీలు ఖర్చవుతాయి. 92 కిలోల మనిషికి అది 368. అక్కకు 272. అందులోనూ ఊరికే కుర్చీలో కూర్చున్నా ఆ గంటలో కిలోకు ఒకటి చొప్పున 68 ఎలాగూ ఖర్చయ్యేవి. అంటే నడక వల్ల అదనంగా పోయింది 200 చిల్లర. చాలా మిషన్లు ఈ కూర్చున్న ఖర్చును తీసేయకుండానే మొత్తం చూపిస్తాయి. కొన్ని ట్రెడ్‌మిల్‌లైతే మరీ ఘోరం. బరువెంతో అడగకుండానే అంకె వేసేసే మిషన్ దేన్ని చూసి లెక్క కట్టినట్టు?

అసలు తప్పు ఇంకోచోట ఉంది. రోజుకు 1500 అని ఎవరు చెప్పారని అడిగితే, యాప్ ఇచ్చిందంది. కాగితం మీద లెక్క వేశాను. ఎత్తు, బరువు, వయసు బట్టి ఒంటి ఖర్చు లెక్క కట్టడానికి అందరూ వాడే మిఫ్లిన్ సూత్రం 1990 నుంచీ ఉన్నదే. దాని ప్రకారం కదలకుండా పడుకున్నా అక్క ఒంటికి రోజుకు 1314 కేలరీలు కావాలి. రోజంతా కూర్చునే మనిషైతే దాన్ని 1.2తో హెచ్చించాలి, 1577 వస్తుంది. కాస్త వ్యాయామం చేసే మనిషైతే 1.375తో, అప్పుడు 1807. యాప్‌లో అక్క పెట్టుకున్నది ఈ రెండోది. అందులోంచి దాదాపు 300 తగ్గించి యాప్ 1500 ఇచ్చింది. 1577కీ 1807కీ తేడా 230. అక్క నడక ఖర్చు కూడా దాదాపు అంతే. అంటే ఆ నడక 1500లో ముందే ఉంది! మళ్లీ వాచీ చూసి 380 తినడమంటే, జీతంలో అడ్వాన్స్ తీసేసుకుని నెలాఖరున మళ్లీ పూర్తి జీతం అడగడమే. 1500కు 380 కలిపితే 1880. అక్క ఒంటికి కావాల్సిన 1807 దాటిపోయింది. ఇక బరువు ఎక్కడినుంచి తగ్గుతుంది?

ఆ రాత్రితో వాచీకి, యాప్‌కి ఉన్న లింకు తీసేశాం. అక్క నడక ఆపలేదు, 1500 మార్చలేదు, ఆ పచ్చ అంకెను తినడం మాత్రం మానేసింది. బరువు నెమ్మదిగా దిగడం మొదలైంది. అంతకంటే నాకు సంతోషం కలిగించింది, రాత్రిళ్లు ఆకలి లేకుండా తినే ఆ బాధ పోవడం.

వాచీలో సరైన బరువు పెడితే చాలు కదా అంటారేమో. చాలదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేతికి పెట్టుకునే ఏడు రకాల పరికరాలను పరీక్షించారు. గుండె వేగం ఆరింటిలో 5 శాతం తేడాలోపే వచ్చింది. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. అందుకే వాచీలో గుండె వేగం నమ్ముతాను, నడిచిన దూరం నమ్ముతాను, కేలరీల అంకెను మాత్రం నమ్మను. ఈ యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నాకు చాలా కోపం. నడిచినందుకు తిండి సంపాదించుకున్నావన్నట్టు ప్లస్ పెట్టి చూపించడం దేనికి? నడక గుండెకు మంచిది, నిద్రకు మంచిది, షుగర్ అదుపులో ఉండటానికి మంచిది. ప్రతి అడుగుకూ తిండి లెక్క కట్టడం నేర్పితే, కాలు నొప్పి పుట్టి నడవలేని రోజున మనిషి అన్నీ మానేసి కూర్చుంటాడు.

ఇక ఆ మెటబాలిజం, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చుపెట్టే వేగం, పడిపోతుందన్న భయం. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు ఆరు నెలలపాటు తిండి బాగా తగ్గించి చూశాడు. వాళ్ల ఒళ్లు ఖర్చు చాలా తగ్గించుకుంది, అది నిజమే. అయినా బరువులో దాదాపు పావు వంతు పోయింది. మనుషులు నీరసించి, దిగులుపడి, పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు కాబట్టి అది ఎవరూ చేయాల్సిన పని కాదు. కానీ ఒక సాయంత్రం నడకకు బదులుగా బిస్కెట్లు తినకపోతే మెటబాలిజం ఆగిపోతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

ఇదంతా గంట, గంటన్నర మామూలు వ్యాయామం సంగతి. ఆదివారం రెండు మూడు గంటలు సైకిల్ తొక్కేవాళ్లు, దూరపు పరుగులకు తయారయ్యేవాళ్లు తప్పకుండా తినాలి. గంట దాటిన గట్టి శ్రమలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోమంటారు. నేను పొడవాటి సైకిల్ రైడ్‌లకు జేబులో అరటిపండ్లు వేసుకునే వెళ్తాను, ఆకలేసేదాకా ఆగను. అలాంటి రోజున వాచీ చెప్పినదాంట్లో సగం తినండి, నాకు అదే బాగా కుదిరింది. ఎంత తొక్కినా ఒక్క ముద్ద ఎక్కువ తినొద్దు, నీరసం వస్తే రానీ అనే ట్రెయినర్లను నేను చూశాను. అది క్రమశిక్షణ కాదు, ప్రమాదం. శ్రమకు తగ్గ తిండి లేకపోతే ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతుంది, ఎముకల్లో సన్నని పగుళ్లొస్తాయి, జలుబు వదలదు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, మగవాళ్లకూ వస్తుందని చెప్పింది. నెలసరి తప్పితే లెక్కలు పక్కన పడేసి ముందు తిండి పెంచండి, డాక్టర్‌ను కలవండి. షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లు కూడా నా మాట మీద ఆధారపడకండి, వ్యాయామం రోజు తిండి సంగతి మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

మీ విషయానికొస్తే, ఆ 1500 తీసేటప్పుడు యాప్‌లో ఏ ఆప్షన్ పెట్టారో ఇప్పుడే తెరిచి చూడండి. వ్యాయామం చేస్తానని పెట్టి ఉంటే ఆ 400 ముట్టుకోకండి. రోజంతా కూర్చుంటానని పెట్టి ఉండి, నడిచిన రోజు నిజంగా ఆకలేస్తే ఒక 100, 150 తినండి, తప్పులేదు. ఉదయం బరువు చూసుకుని వారం సగటు రాసుకోండి. కొత్తగా వ్యాయామం పెంచితే కండరాల్లో నీరు చేరి కొద్దిరోజులు బరువు పెరిగినట్టు చూపిస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. నెల తర్వాత సగటు వారానికి అరకిలోలోపు దిగుతూ ఉంటే ఏదీ మార్చకండి. కిలోకు మించి జారిపోతుంటే అప్పుడు తిండి పెంచండి, వాచీ చెప్పినా చెప్పకపోయినా. మీ ఎత్తు, బరువు, వయసు, ఆ ఆప్షన్ ఏమిటో కింద రాస్తే కూర్చుని లెక్క వేసి పెడతాను.