టెక్ సందేహాలు: థీమ్ పార్క్ క్యూల్లో ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

సెలవులు దగ్గరకొచ్చేసరికి మెయిల్స్ అన్నీ ఒకే దాని చుట్టూ తిరుగుతున్నాయి, పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తున్నాం, గంటలు గంటలు లైన్లో నిలబడకుండా ఏ యాప్ వాడాలి అని. అందుకే ఈసారి ల్యాప్‌టాప్‌లు, రౌటర్లు పక్కన పెట్టి ఇవే చూద్దాం.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. జూన్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వస్తున్నారు, వాళ్ళతో, ఇద్దరు పిల్లలతో ఓర్లాండో డిస్నీ వరల్డ్ ప్లాన్ చేశాం. లైట్నింగ్ లేన్ అంటున్నారు, మల్టీ పాస్ అంటున్నారు, సింగిల్ పాస్ అంటున్నారు, అంతా అయోమయంగా ఉంది. ఏది కొనాలి? పొద్దున్నే ఏడింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలట, నిజమేనా?

జవాబు: నిజమేనండీ, కాకపోతే మీకు అది ఆరింటికి, ఎందుకంటే ఏడు అనేది ఓర్లాండో టైమ్, డాలస్ దానికి గంట వెనక. బే ఏరియాలో ఉన్నవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు ఇంటి నుంచే బుక్ చేసుకుంటే హాయి, జూన్‌లో అయితే మన సాయంత్రం 4:30, చలికాలంలో 5:30.

ముందుగా ఒక మాట, యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి ప్లాన్ చేయకండి. డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ అని లైన్ తప్పించే పాస్ ఫ్రీగా మొదలుపెట్టింది, 2021 అక్టోబర్‌లో దాని బదులు జీనీ ప్లస్ అని డబ్బులకి పెట్టింది, 2024 జులైలో అదీ తీసేసి ఇప్పుడున్న లైట్నింగ్ లేన్ పద్ధతి తెచ్చింది. ఫాస్ట్‌పాస్ ఫ్రీ కదా అని ఇంకా చెప్పే బంధువులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఆ రోజులు పోయాయి.

ఇప్పటి పద్ధతి మనవాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది, తిరుమలలో సర్వదర్శనం లైను, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం లైను ఉన్నట్టే. మామూలు లైన్ ఫ్రీ, ఎంతసేపైనా నిలబడాలి. డబ్బులు కట్టి స్లాట్ బుక్ చేసుకుంటే ఆ గంటలో ఎప్పుడైనా వెళ్ళి వేరే లైన్లోంచి పోవచ్చు. మల్టీ పాస్ అంటే ఒక రోజు మొత్తానికి ఒక రేటు, ముందుగా మూడు రైడ్స్ ఎంచుకుంటారు, మొదటిది వాడాక ఇంకోటి బుక్ చేసుకోవచ్చు, అలా చీకటి పడేదాకా చేసుకుంటూ పోవచ్చు. సింగిల్ పాస్ అంటే అందరూ ఎగబడే ఒకటీ రెండు పెద్ద రైడ్స్‌కి విడివిడిగా కొనేది, డిస్నీ వరల్డ్ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ట్రాన్, ఇంకోటైన యానిమల్ కింగ్‌డమ్‌లో ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ అలాంటివి. రేట్లు రోజుని బట్టి మారతాయి, రద్దీ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ మల్టీ పాస్ మనిషికి 30 డాలర్లు దాటేస్తుంది, ఆరుగురికి లెక్కేసుకోండి.

డిస్నీ హోటల్లో దిగుతుంటే చెక్ ఇన్‌కి 7 రోజుల ముందు ఆ ట్రిప్ మొత్తానికి ఒకేసారి బుక్ చేసేయొచ్చు. బయట హోటల్ అయితే పార్కుకి వెళ్ళే రోజుకి 3 రోజుల ముందు, ఒక్కో రోజుకి ఒక్కోసారి. బుకింగ్‌కి ముందురోజు రాత్రే మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లోకి వెళ్ళి అందరి టికెట్లూ మీ అకౌంట్‌కి లింక్ అయ్యాయా, కార్డ్ సేవ్ అయ్యిందా చూసుకోండి, టికెట్ లింక్ కాకపోతే బుకింగ్ ముందుకు పోదు, ఏడింటికి సీవీవీ నంబర్ కోసం పర్సు వెతుక్కుంటూ కూర్చుంటే మంచి స్లాట్లు వేరేవాళ్ళకి వెళ్ళిపోతాయి. ఒకవేళ సాయంత్రం స్లాటే దొరికినా తీసేసుకోండి, తర్వాత మాడిఫై నొక్కి మధ్యమధ్యలో రిఫ్రెష్ చేస్తుంటే ఎవరో ఒకరు వదిలేసిన ముందు టైమ్ కనిపిస్తుంది, దానికి మార్చుకోవచ్చు. ఈ మార్చుకోవడం తెలియక చాలామంది వచ్చిన టైమ్‌తోనే సరిపెట్టుకుంటారు.

ఇక కొనాలా వద్దా. నా అభిప్రాయం సూటిగా చెప్తా, మ్యాజిక్ కింగ్‌డమ్‌కి, హాలీవుడ్ స్టూడియోస్‌కి కొనండి, యానిమల్ కింగ్‌డమ్‌కి అక్కర్లేదు, ఎప్‌కాట్‌కి పొద్దున్నే వెళ్తే అక్కర్లేదు. ఇంకోటి, ఆరుగురికీ కొనాలని రూలేం లేదు. స్పేస్ మౌంటెన్ చీకట్లో గిర్రున తిప్పే కోస్టర్, మామయ్యగారు ఎక్కుతారా? ఎక్కనప్పుడు ఆయనకి పాస్ ఎందుకు? ఎవరు ఏం ఎక్కుతారో ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, రైడ్స్ వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి, టీవీలో పెట్టి అత్తయ్యగారికి చూపించండి. ఆ ఒక్క సాయంత్రంతో వంద డాలర్ల దాకా మిగలొచ్చు. మూడేళ్ళ లోపు పిల్లలకైతే టికెట్టే అక్కర్లేదు, పాసూ అక్కర్లేదు.

కానీ ఏ పాస్ కంటే ఎక్కువ పనిచేసేది పొద్దున్నే వెళ్ళడం, ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. గేట్లు తీసిన మొదటి గంటన్నరలో నడిచినంత తేలిగ్గా మధ్యాహ్నం మీకు లైన్లు నడవవు, డబ్బు కట్టినా సరే. డిస్నీ హోటల్ వాళ్ళకి ఏ పార్కైనా అరగంట ముందే లోపలికి వదులుతారు, అది వదులుకోకండి. బయటి నుంచి కార్లో వచ్చేవాళ్ళు మ్యాజిక్ కింగ్‌డమ్ దగ్గర ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, కార్ పార్క్ చేసేది పార్కు ముందు కాదు, సరస్సుకి ఇవతల పక్క ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర. అక్కడ్నుంచి మోనోరైలు గానీ ఫెర్రీ గానీ ఎక్కి దాటాలి. గూగుల్ మ్యాప్స్ 20 నిమిషాలు అని చూపిస్తే అది పార్కింగ్ దాకానే, స్ట్రోలర్ దించి, బ్యాగులు చెక్ చేయించి, ఫెర్రీ ఎక్కి దిగేసరికి ఇంకో ముప్పావుగంట వేసుకోండి. తొమ్మిదింటికి తెరిచే పార్కుకి తొమ్మిదింటికి పార్కింగ్‌లో దిగితే పొద్దున్నే లేచిన కష్టమంతా వృథా.

ప్రశ్న: యాప్‌లో 90 నిమిషాలు అని చూపిస్తుంది, కానీ 55 నిమిషాల్లో అయిపోయింది, ఇంకోసారి 40 అని గంట పట్టింది. అసలు ఆ నంబర్ ఎక్కడ్నుంచి వస్తుంది? నమ్మొచ్చా?

జవాబు: అది అంచనా మాత్రమే. డిస్నీ వరల్డ్‌లో కొన్నిసార్లు లైన్ మొదట్లో నిలబడ్డ ఉద్యోగి మీ చేతిలో తాడున్న ఎర్ర కార్డు ఒకటి పెడతారు, రైడ్ ఎక్కే చోట ఇచ్చేయమంటారు, ఆ రెండింటి మధ్య ఎంతసేపు పట్టిందో అదే వాళ్ళకి లెక్క. అంటే మీరు చూసే నంబర్ మీకంటే ముందు నిలబడ్డవాళ్ళ అనుభవం, మీరు నిలబడ్డాక వెనక పెరిగిన జనం గానీ మధ్యలో రైడ్ ఆగిపోవడం గానీ దానికి తెలియదు. పైగా పోస్ట్ చేసే టైమ్ చాలాసార్లు అసలు కంటే ఎక్కువే ఉంటుంది, ముఖ్యంగా పార్కు మూసే టైమ్ దగ్గర పడ్డప్పుడు. అప్పుడు మీరు భయపడి వెనక్కి వెళ్ళొద్దు, మూసే నిమిషానికి లైన్లో ఉంటే చాలు, రైడ్ ఎక్కించే పంపిస్తారు. బాణాసంచా షో జరిగేటప్పుడు, ఆ ఆఖరి అరగంటలోనూ పెద్ద రైడ్స్ చూసుకోండి, పిల్లలు నిద్రపోకుండా ఉంటే.

టూరింగ్‌ప్లాన్స్ అని ఒక సైట్ ఉంది, దానికి లైన్స్ అని యాప్ కూడా. అది పోస్ట్ చేసిన టైమ్ పక్కనే నిజంగా ఎంత పట్టొచ్చో దాని అంచనా కూడా ఇస్తుంది, వాడేవాళ్ళు లైన్లో దిగి టైమర్ నొక్కి, ఎక్కేటప్పుడు ఆపుతారు, ఆ డేటా దానికి బలం. కొన్ని ఫీచర్లకి సంవత్సరం చందా కట్టాలి, ఓర్లాండో ట్రిప్‌కి అయ్యే ఖర్చులో అది ఏమంత కాదు, నేనైతే కట్టమనే చెప్తా.

యాప్ లేకుండా కూడా ఒక లెక్క ఉంది. లైన్ ఎంత పొడుగుందో కాదు, గంటకి ఎంతమందిని మింగుతుందో చూడాలి. హాంటెడ్ మాన్షన్‌లో కుర్చీల బళ్ళు ఆగకుండా వస్తూనే ఉంటాయి, కదిలే బెల్ట్ మీద నుంచే ఎక్కేస్తారు, అందుకే లైన్ బయటిదాకా వచ్చినా పాములా కదులుతూనే ఉంటుంది. పీటర్ పాన్ ఫ్లైట్‌లో చిన్న ఓడల్లో ఇద్దరు ముగ్గురే పడతారు, లైన్ పొట్టిగా కనిపించినా గంట పడుతుంది. స్పేస్ మౌంటెన్ రాకెట్‌లో ఆరుగురే. పైగా లైట్నింగ్ లేన్ వాళ్ళని ఎక్కువ వదిలి మామూలు లైన్‌ని తక్కువ వదులుతారు కాబట్టి, రెండు లైన్లు కలిసే చోట అవతల పక్క జనం కిటకిటలాడుతుంటే మీ 40 నిమిషాలు గంట కావడానికి కారణం అదే. మల్టీ పాస్ ఉంటే దాన్ని ఇలాంటి తక్కువమంది పట్టే రైడ్స్‌కే వాడండి, హాంటెడ్ మాన్షన్ మీద ఖర్చు పెట్టకండి.

జూన్‌లో ఫ్లోరిడాలో మధ్యాహ్నం ఉరుములు మెరుపులతో వాన దాదాపు రోజూ ఉంటుంది, బయట ఉండే కోస్టర్లు ఆపేస్తారు. మీ స్లాట్ టైమ్‌లో అలా ఆగిపోతే కంగారు పడకండి, ఆ పాస్ యాప్‌లోనే తర్వాత వాడుకునే పాస్‌గా మారిపోతుంది, కొన్ని వేరే రైడ్స్‌కి కూడా పనికొస్తుంది. వాన పడగానే జనం సగం హోటల్‌కి వెళ్ళిపోతారు, రెయిన్‌కోట్ ఉన్నవాళ్ళకి అది బంగారం లాంటి టైమ్.

ప్రశ్న: మా చిన్నోడికి నాలుగేళ్ళు, హైట్ సరిపోదని పెద్ద రైడ్స్‌కి రానివ్వరట. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వీల్‌చెయిర్ తీసుకుంటే లైన్ తప్పుతుందా?

జవాబు: లైన్ తప్పదు. డిస్నీలో చాలావరకు వీల్‌చెయిర్లు మామూలు లైన్లోనే వెళ్తాయి, కాకపోతే అమ్మ నిలబడకుండా కూర్చుని వస్తారు, అదే పెద్ద ఊరట, పార్కులో రోజుకి నడిచేది తక్కువేం కాదు కాబట్టి మొహమాటపడకుండా తీసుకోండి. ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లలకి డీఏఎస్ అని వేరే సదుపాయం ఉంది, 2024 నుంచి రూల్స్ బిగించారు, వెళ్ళే ముందే వీడియో కాల్‌లో మాట్లాడి రిజిస్టర్ అవ్వాలి. మోకాళ్ళ నొప్పికి అది ఇవ్వరు.

చిన్నోడి సంగతికి రైడర్ స్విచ్ ఉంది, ఫ్రీ. రైడ్ గేట్ దగ్గర ఉద్యోగికి చెప్తే ఒకరు బాబు దగ్గర ఉంటారు, మిగతావాళ్ళు లైన్లో వెళ్ళి ఎక్కి వస్తారు, తర్వాత ఆగినవాళ్ళు లైన్ లేకుండా వెళ్ళిపోవచ్చు, పెద్ద పాప ఉంటే వాళ్ళతో ఇంకోసారి కూడా ఎక్కొచ్చు, అందుకే పెద్ద పిల్లలకి ఇది చాలా ఇష్టం. ఇంటి దగ్గరే షూస్ వేసి గోడకి నిలబెట్టి కొలవండి. స్లింకీ డాగ్ డాష్, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్ 44, ట్రాన్ 48. ముందే తెలిస్తే గేట్ దగ్గర వాడు ఏడవడు, ఎందుకంటే వాడికి ఇంట్లోనే చెప్పేసి ఉంటారు కదా.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి వేసవిలో సింగపూర్ వెళ్తున్నాం. యూనివర్సల్ స్టూడియోస్‌లో ఎక్స్‌ప్రెస్ పాస్ కొనాలా?

జవాబు: డేట్స్ బట్టి ఉంటుంది. సింగపూర్ స్కూళ్ళకి జూన్ దాదాపు అంతా సెలవులు, మన స్కూళ్ళకి ఏప్రిల్ చివర్నుంచే మొదలు, కాబట్టి మే మొదటి పదిహేను రోజుల్లో మంగళ, బుధ, గురువారాల్లో వెళ్తే పాస్ లేకుండానే అయిపోతుంది, మే 1 మాత్రం అక్కడ సెలవు, ఆ రోజు వద్దు. జూన్‌లోనే కుదిరిందంటే ఎక్స్‌ప్రెస్ కొనండి, మామూలు ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో రైడ్‌కి ఒక్కసారే, అన్‌లిమిటెడ్ వేరే, పిల్లలు ట్రాన్స్‌ఫార్మర్స్ మళ్ళీ మళ్ళీ అంటారని తెలిస్తే తప్ప అన్‌లిమిటెడ్ అక్కర్లేదు. సింగిల్ రైడర్ లైన్ ఉన్న చోట టీనేజ్ పిల్లలు విడివిడిగా వెళ్ళిపోవచ్చు, పక్కపక్కన కూర్చోలేరు కానీ చాలా త్వరగా అయిపోతుంది.

రావిర్యాల వండర్‌లా గురించి కూడా ఒకరు అడిగారు. అక్కడా ఫాస్ట్ ట్రాక్ టికెట్ ఉంది, ఆదివారాలకీ పండగ సెలవులకీ తీసుకోండి, మామూలు వారం రోజుల్లో వద్దు. గేట్ తీయగానే నేరుగా రీకాయిల్ కోస్టర్ దగ్గరికి వెళ్ళిపోండి, అందరూ ముందు దగ్గర్లో కనిపించే రైడ్స్ దగ్గరే ఆగిపోతారు.

ప్రశ్న: పార్కులో మధ్యాహ్నానికే ఫోన్ అయిపోతుంది. నాన్నగారి దగ్గర ఇండియా సిమ్మే ఉంది, తప్పిపోతే ఎలా?

జవాబు: ఎండలో బ్రైట్‌నెస్ ఫుల్, లొకేషన్ ఆన్, బ్లూటూత్ ఆన్, యాప్ రిఫ్రెష్ చేస్తూనే ఉండటం, ఏ ఫోనైనా ఒంటిగంటకి 20 శాతానికి వచ్చేస్తుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి, కేబుళ్ళు రెండు, ఇంతే. విమానంలో అది క్యాబిన్ బ్యాగ్‌లోనే పెట్టాలి, చెక్ ఇన్ లగేజ్‌లో పెడితే తీయిస్తారు. బుకింగ్ పని ఒక్క ఫోన్‌లోనే పెట్టుకోండి, రెండో ఫోన్ ఫోటోలకీ దారికీ, రెండూ ఒకేసారి చచ్చిపోకూడదు.

నాన్నగారికి డిస్నీ పార్కుల్లో ఫ్రీ వైఫై వస్తుంది, కనెక్ట్ చేసి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటలకి ఆన్ చేసి పెట్టండి. గేట్ దగ్గరా లైట్నింగ్ లేన్ దగ్గరా ఆయన ఫోన్ తీయాల్సిన పనే లేకుండా ఆయన టికెట్ కార్డు గానీ, టికెట్‌లా పనిచేసే మ్యాజిక్‌బ్యాండ్ అనే చేతి పట్టీ గానీ ఇవ్వండి, ట్యాప్ చేస్తే చాలు. వైఫై పోయినా దొరికేలా ఒక చోటు అనుకోండి, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కోట ముందున్న వాల్ట్ డిస్నీ విగ్రహం దగ్గర లాంటిది, ఎవర్నడిగినా చూపిస్తారు. మీ నంబర్ ఒక చీటీ మీద ప్లస్ వన్‌తో సహా రాసి ఆయన చొక్కా జేబులో పెట్టండి, పిల్లల జేబుల్లో కూడా.