పేరు పెట్టడానికి తొందరపడకు

అమ్మాయీ,

నీ మెయిల్ చదివాను. వాగు నీళ్లలో దొరికిన ఎంటరోకాకస్ (ఎక్కువగా పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) తెలిసిన ఏ జాతికీ సరిపోవడం లేదన్నావు. సంతోషం. కానీ ముందు ఒకటి చెప్పు, ఆ కాలనీని ఎన్నిసార్లు స్ట్రీక్ చేశావు, అంటే విడివిడి కాలనీలు వచ్చేలా కొత్త ప్లేటు మీద గీశావు? ఒక్కసారే అయితే అజైడ్ (మిగతా బ్యాక్టీరియాను ఆపే రసాయనం) లేని అగార్ ప్లేటు మీద ఇంకో మూడుసార్లు చెయ్యి. అజైడ్ ప్లేట్ల మీద మిగతా బ్యాక్టీరియా చాలావరకు చావదు, పెరగకుండా కాలనీ అడుగున దాక్కుంటుంది. నేనూ ఒకప్పుడు రెండు జాతులు కలిసిపోయిన కల్చర్‌ను పట్టుకుని మూడు నెలలు ఊరేగాను. అరబినోజ్ అనే చక్కెరను వాడుకుంటుందా అని చూసే పరీక్ష ఒకరోజు పాజిటివ్, మరునాడు నెగటివ్. టెన్షన్ పడ్డానే గానీ ప్లేటు వైపు తేరిపార చూడలేదు.

నీటిలోని బ్యాక్టీరియాను ఏ ఉష్ణోగ్రత దగ్గర పెంచావో కూడా రాయలేదు నువ్వు. మనం వాడే ఫిల్టర్ పద్ధతులు మలకాలుష్యం లెక్కించడానికి పెట్టినవి, అందుకే 41 డిగ్రీలు, 44 డిగ్రీలు అంటాయి. ఎంటరోకాకస్ అంటే 45 డిగ్రీల్లోనూ, 6.5 శాతం ఉప్పులోనూ పెరుగుతుందని పుస్తకంలో ఉంటుంది. అది మొత్తానికి నిజమే గానీ, బయటి వాతావరణంలో దొరికే కొన్ని జాతులు 45 దగ్గర పెరగవు. అందుకని ప్రతి శాంపిల్‌కూ ఒక ప్లేటు 30 డిగ్రీల్లో ఉంచు, రెండో రోజు కూడా చూడు. ఆలస్యంగా వచ్చే చిన్న కాలనీలను పారెయ్యకు. ఎంటరోకాకస్ రివోరమ్ అనే జాతి ఫిన్లాండ్‌లో మనుషుల అలికిడి లేని సెలయేళ్లలో దొరికింది, 2012లో దానికి పేరు పెట్టారు.

మాల్డీటాఫ్‌లో (ప్రొటీన్ల బరువులను బట్టి బ్యాక్టీరియాను గుర్తించే యంత్రం) మ్యాచ్ రాలేదంటే దాని డేటాబేస్‌లో లేదని మాత్రమే అర్థం. బ్యాక్టీరియాను గుర్తించడానికి మామూలుగా చదివే 16ఎస్ జన్యువు సీక్వెన్స్‌ను మాత్రం ఈ కుటుంబంలో అస్సలు నమ్మకు. ఎంటరోకాకస్‌లోని ఫేషియమ్, డ్యూరాన్స్, హైరే వేర్వేరు జాతులే, అయినా వాటి 16ఎస్ దాదాపు 99 శాతం ఒకటే. కాబట్టి పోలిక 98.7 శాతం కన్నా తగ్గితేనే కొత్త జాతి అనే గీత నీకు ఇక్కడ పనికిరాదు. ఫీఎస్, ఆర్‌పీఓఏ జన్యువులు చూస్తే తేడా ముందుగా కనబడుతుంది. ఆపైన జీనోమ్ మొత్తం చదివించి దగ్గరి జాతుల టైప్ స్ట్రెయిన్లతో, అంటే ఆ జాతులకు ప్రమాణంగా దాచిన నమూనాలతో పోల్చు. రెండు జీనోమ్‌ల పోలికను కొలిచే లెక్కల్లో ఏఎన్ఐ 95-96 శాతం కన్నా తక్కువ, డిజిటల్ డీఎన్ఏ హైబ్రిడైజేషన్ 70 శాతం కన్నా తక్కువ వస్తే అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

ఒక్క స్ట్రెయిన్‌తో ఆగిపోకు. అదే వాగులో ఇంకో రోజు, ఇంకో చోట వెతుకు. టైప్ స్ట్రెయిన్‌ను రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో దాచాలి, అది నిబంధన. దానికి నెలలు పడతాయి, ముందే ఉత్తరాలు రాయి. పేరు సంగతి చివర్లో చూద్దాం. నీ పేరు మాత్రం నువ్వే పెట్టుకోకు, నవ్వుతారు.

ఈ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు గ్లిసరాల్ స్టాక్ (గడ్డకట్టించి దాచే కల్చర్) రెండు గొట్టాల్లో తీసి, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టు.