బిడ్డ ఆన్‌లైన్ వేలంలో పాత లెన్స్ కొంటానంటోంది, డబ్బులు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట. మా అమ్మాయి హనుమకొండలో బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో ఒక స్టూడియో వాళ్లతో పెళ్లిళ్లకు వెళ్లి ఫొటోలు తీస్తోంది, చేతిఖర్చులకు సంపాదించుకుంటోంది. తన దగ్గర కెనాన్ 1500డి కెమెరా, దాంతోపాటు వచ్చిన చిన్న లెన్స్ ఉన్నాయి. ఇప్పుడు ఈబే అనే విదేశీ వేలం సైట్‌లో జపాన్ వాళ్లు అమ్మే 70-200 ఎఫ్ 4 సెకండ్ హ్యాండ్ లెన్స్‌ను వేలంలో కొంటానంటోంది. తను దాచుకున్నది పోను మిగతాది నన్ను ఇమ్మంటోంది. చూడని వస్తువు, తెలియని మనిషి, పైగా వేలం. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఈ పనిలో బతుకుదెరువు ఉందా? డిగ్రీ పాడవుతుందా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: అయ్యా, డబ్బులు ఇవ్వొచ్చు. కాకపోతే ఇచ్చే ముందు అమ్మాయి చేత ఒక కాగితం రాయించండి. ఈ లెన్స్ ఏ పనికి? ఇల్లు చేరేసరికి మొత్తం ఎంతవుతుంది? ఎంత దాటితే వదిలేస్తుంది? పెట్టిన డబ్బు ఎన్ని పెళ్లిళ్లలో తిరిగొస్తుంది? వీటికి అంకెలతో జవాబు రాయగలిగితే తను దీన్ని వృత్తిగా చూస్తున్నట్టు. రాయలేకపోతే ఇంకా సరదా దశలో ఉన్నట్టు. సరదా తప్పేమీ కాదు గానీ, దానికి ఇంట్లో డబ్బు పెట్టాల్సిన పని లేదు. మోసపోతుందేమోనని మీ భయం. నన్నడిగితే, ఇలాంటి కొనుగోళ్లలో మోసగాళ్ల కంటే కొనేవాళ్ల తొందరే పెద్ద ప్రమాదం.

మొదట లెన్స్ సంగతి. తను తీస్తున్నవి పెళ్లి ఫొటోలు. మన దగ్గర చాలా ముహూర్తాలు రాత్రో తెల్లవారుజామునో ఉంటాయి. ఫంక్షన్ హాల్లో కాకపోతే ఇంటి ముందు టెంటు కింద. వెలుతురు తక్కువ, నిలబడే చోటు ఇంకా తక్కువ. 70-200 అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా లాగి చూపే లెన్స్, ఆ అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. 1500డి కెమెరాలో సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే పలక) చిన్నది కాబట్టి 70-200 లెన్స్ పెడితే పెద్ద సెన్సర్ కెమెరా మీద 112-320 పెట్టినట్టు కనిపిస్తుంది. పీటల మీద కూర్చున్న జంట మొత్తం ఫ్రేములో పడాలంటే చుట్టాలందరినీ దాటుకుని గేటు దాకా వెనక్కి నడవాలి. వెలుతురు విషయంలో ఇంకా ఇబ్బంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. ఎఫ్ 1.8 లెన్స్ లోపలికి పంపే వెలుతురులో ఎఫ్ 4 పంపేది దాదాపు ఐదో వంతు మాత్రమే. 70-200 చెడ్డ లెన్స్ అని కాదు. మేడారం జాతరలోనో, పగటి వెలుగులో బతుకమ్మలు పేర్చేటప్పుడో, లక్నవరం ఒడ్డునో హాయిగా పనిచేస్తుంది. పెళ్లిళ్లతో సంపాదించాలనుకుంటే మాత్రం ముందు కొనాల్సింది 50 ఎఫ్ 1.8, తర్వాత 85 ఎఫ్ 1.8. ఈ 85 లెన్స్ 1992లో వచ్చిన మోడల్, సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతుంది. 50 అయితే కొత్తది కొన్నా పెద్ద భారం కాదు, దానికి వేలం దాకా వెళ్లక్కర్లేదు.

అయినా 70-200 మీదే మనసుంటే ఒక పెళ్లికి ఆ లెన్స్‌ను అద్దెకు తెచ్చుకోమనండి, లేదా స్టూడియో ఓనర్‌ను అడిగి వాడి చూడమనండి. ఒక్క రాత్రి వాడితే విషయం తనకే తెలిసిపోతుంది.

ఇంకో చిక్కుంది. పేర్లు ఒకేలా ఉన్నా లెన్సులు వేరు. కెనాన్ 70-200 ఎఫ్ 4లో 1999లో వచ్చినదానికి చేతి వణుకును సర్దే ఐఎస్ లేదు, 2006లో వచ్చినదానికి ఉంది. రెండూ తెల్లగా, దాదాపు ఒకేలా ఉంటాయి, ధరలో మాత్రం బాగా తేడా ఉంటుంది. హెడ్డింగ్‌లో ఏం రాశారన్నది కాదు, ఫొటోలో లెన్స్ మీద ఏం రాసుందో పెద్దది చేసి చూడాలి. 1500డికి ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ అని రాసున్న కెనాన్ లెన్సులు పడతాయి. 1987కు ముందు కాలపు ఎఫ్‌డి లెన్సులు గానీ, 2018 నుంచి వస్తున్న ఆర్ఎఫ్ లెన్సులు గానీ పడవు. చవగ్గా కనిపిస్తున్నాయని ఎఫ్‌డి లెన్స్ మీద బిడ్ వేస్తే అది ఇంట్లో షోకేసుకే. నికాన్ వాడే స్నేహితురాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఒక మాట: డి3500, డి5600 లాంటి కెమెరాల్లో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి పాత ఏఎఫ్-డి లెన్సులకు ఆటోఫోకస్ పనిచేయదు. ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉన్నవే తీసుకోవాలి.

ఇప్పుడు ధర. మన దేశపు ఈబే సైట్ 2018లోనే మూతపడింది. కాబట్టి ఇప్పుడు కొనేది విదేశీ సైట్‌లో, వచ్చేది కస్టమ్స్ దాటి. తెర మీద కనిపించే బిడ్ అంకె అసలు ఖర్చులో ఒక భాగమే. దానికి షిప్పింగ్ కలపాలి. సరుకు ధర, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద కస్టమ్స్ సుంకం, ఆ పైన ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ) పడతాయి. రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి, కొనే నాటికి ఎంతుందో చూసుకోవాలి. కొరియర్ వాళ్లు క్లియరెన్స్‌కు తమ ఫీజు వేస్తారు, ఆధార్ లాంటి కేవైసీ కాగితాలు అడుగుతారు. బ్యాంకు కార్డు మీద విదేశీ కరెన్సీ మార్కప్, అంటే రూపాయలను ఆ డబ్బులోకి మార్చినందుకు వేసే ఫీజు, వేరే. చాలా కార్డులకు అది 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ. ‘గిఫ్ట్ అని రాసి పంపుతాం, సుంకం పడదు’ అని అమ్మేవాడు అంటే ఒప్పుకోవద్దు. అది తప్పుడు డిక్లరేషన్. పట్టుబడితే తిప్పలు కొన్నవాళ్లకే.

ఈ మొత్తం లెక్కేశాక, అదే లెన్స్ హైదరాబాద్‌లో కోఠి వైపు కెమెరా దుకాణాల్లో సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు దొరుకుతుందో కనుక్కోమనండి. కాజీపేటలో పొద్దున రైలెక్కితే చేత్తో పట్టుకుని, సొంత కెమెరాకు తగిలించి చూసి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. తేడా కొద్దిపాటిదే అయితే జపాన్ దాకా ఎందుకు?

తేడా ఎక్కువే ఉందనుకుందాం. అప్పుడు వేలం ఎలా నడుస్తుందో తెలియాలి. ఈబేలో మీరు ఇవ్వగల గరిష్ఠ ధర ముందే చెబితే, సిస్టమ్ దాన్ని బయటపెట్టకుండా, ఎదుటివాళ్ల బిడ్‌ను దాటడానికి కావలసినంతే మీ తరఫున పెంచుకుంటూ పోతుంది. కాబట్టి గంటగంటకూ కూర్చుని పెంచాల్సిన అవసరం లేదు. అనుభవమున్నవాళ్లు చివరి నిమిషం దాకా చేయి కదపరు, చివరి సెకన్లలో తమ గరిష్ఠ ధర ఒక్కసారే వేసి వదిలేస్తారు. ముందునుంచీ వేస్తూ పోతే పోటీ పెరిగి ధర ఎగబాకుతుంది, అంతే. ఏనుమాముల మార్కెట్లో మిర్చి వేలం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పక్కవాడు పాడాడని పాట పెంచిన వ్యాపారి తర్వాత తీరిగ్గా లెక్క చూసుకుంటాడు. గెలిచిన బిడ్ అంటే కొంటానని మాట ఇచ్చినట్టే, తర్వాత వద్దంటే కుదరదు. అందుకే గరిష్ఠ ధర కాగితం మీద ముందే ఉండాలంటున్నాను.

ఆ అంకె ఊహించి రాయొద్దు. ఈబేలో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. అదే మోడల్, అదే కండిషన్‌లో ఈ మధ్య నిజంగా ఎంతకు పోయిందో అందులో తెలుస్తుంది. అమ్మేవాళ్లు అడిగే ధరలు చూసి మార్కెట్ ధర అనుకోకూడదు. బిడ్ హిస్టరీ కూడా తెరిచి చూడాలి. ఒకే బిడ్డర్ ఎప్పుడూ ఆ ఒక్క అమ్మకందారు వస్తువులకే పాడుతుంటే, అది ధర పెంచడానికి పెట్టుకున్న మనిషి కావచ్చు. వదిలేయండి, ఆ లెన్స్ లోకంలో ఒక్కటే లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మొదటిసారి కొనేవాళ్లకు వేలం కంటే, రిటర్న్ తీసుకుంటానని రాసిన పెద్ద డీలర్ దగ్గర ఫిక్స్‌డ్ ధరకు కొనడం మేలు. చాలామంది డీలర్లు బేరం కూడా ఒప్పుకుంటారు.

కండిషన్ విషయంలో పొగడ్తలు నమ్మొద్దు. ‘ఎక్సలెంట్’ పక్కన ఐదు ప్లస్సులు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ‘లోపల కొంచెం ఫంగస్, హేజ్ ఉంది’ అని రాయడం మామూలే. వివరణ చివరి లైను దాకా చదవాలి. ‘జంక్’ అనో ‘ఉన్నది ఉన్నట్టు’ అనో ఉంటే రిపేరు తెలిసినవాళ్లకు వదిలేయాలి. ఫంగస్ లెన్స్ లోపల సాలెగూడు పోగుల్లా పాకుతుంది, ముదిరితే గాజు మీది పూతను తినేస్తుంది. హేజ్ ఉంటే లోపల పొగమంచులా ఉండి, పెళ్లి పందిట్లో లైట్లు ఎదురుగా పడగానే ఫొటో తెల్లబారిపోతుంది. నాలుగు దుమ్ము రేణువులుంటే మాత్రం కంగారు పడనక్కర్లేదు, ఫొటోలో కనపడవు. ముందు గాజు మీద సన్నటి గీత కంటే వెనక గాజు మీద గీత ఎక్కువ చేటు. లెన్స్ వెనక నుంచి టార్చి వేసి తీసిన ఫొటో, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) రేకుల ఫొటో, సీరియల్ నంబర్ ఫొటో పంపమని అమ్మేవాళ్లను సైట్ మెసేజ్‌లోనే అడగాలి. పంపడానికి నసిగితే అక్కడితో ఆపేయాలి. ఫీడ్‌బ్యాక్‌లో శాతం ఒక్కటే చూస్తే చాలదు. ఆ మనిషి ఇంతకుముందు కెమెరా సామాన్లే అమ్మాడా, ఫోన్ కవర్లు అమ్మి ఆ మార్కులు తెచ్చుకున్నాడా అన్నది చూడాలి.

చెల్లింపు దగ్గర ఒకటే నియమం: సైట్ బయట పైసా కట్టొద్దు. సైట్‌లోనే కడితే, వస్తువు రాకపోయినా, రాసినదానికి భిన్నంగా వచ్చినా డెలివరీ తేదీ నుంచి 30 రోజుల్లోపు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగవచ్చు. వాట్సాప్‌లోకి రండి, తగ్గించి ఇస్తాం అన్నవాడి మాట విన్న క్షణం ఆ రక్షణ పోయినట్టే. మన దేశంలో యాడ్ సైట్లలో చూస్తే ఇంకో రకం. ‘నేను ఆర్మీలో ఉన్నా, బదిలీ అయింది, కెమెరా సామాను చవగ్గా ఇచ్చేస్తున్నా’ అంటూ ఐడీ కార్డు ఫొటో పంపి, ముందు కొరియర్ ఖర్చు, తర్వాత రీఫండ్ కోసం క్యూఆర్ స్కాన్ చేయమంటారు. డబ్బు రావడానికి స్కాన్ గానీ పిన్ గానీ అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఊళ్లోనే ఎవరి దగ్గరైనా కొంటే ఒరిజినల్ బిల్లు, దాని మీది సీరియల్ నంబర్ సరిపోల్చుకోమనండి. పెళ్లిళ్లలో పోయిన లెన్సులు కూడా చేతులు మారుతుంటాయి.

పార్సిల్ వచ్చాక సీలు తీయడం నుంచి వీడియో తీయాలి. అదే రోజు గోడకు న్యూస్‌పేపర్ అంటించి, అపర్చర్ పూర్తిగా తెరిచి, కెమెరాను గోడకు నేరుగా ఎదురుగా పెట్టి ఫొటో తీస్తే నాలుగు మూలల్లో ఏదో ఒక మూలే మసకగా ఉందా అన్నది బయటపడుతుంది. అలా ఉంటే లెన్స్ ఎప్పుడో కిందపడి ఉండొచ్చు. దగ్గరా దూరం మారుస్తూ ఆటోఫోకస్ తడబడుతుందా, మోటార్ గరగర చప్పుడు చేస్తుందా చూడాలి. ఇవన్నీ చూసుకోవడానికి తీరిక కావాలి గనుక ఎదురుగా ముహూర్తాలు పెట్టుకుని కొనొద్దు. ఆషాఢంలోనో మూఢంలోనో పని లేనప్పుడు తెప్పించుకుంటే మంచిది. వానాకాలం కాబట్టి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టమనండి, బీరువాలో బట్టల మధ్య కాదు.

ఇక మీ రెండో ప్రశ్న. డిగ్రీ ఆపొద్దు. ఫొటోగ్రఫీ ఫొటోలు తీయడంతో అయిపోదు. కొటేషన్, అడ్వాన్స్, బిల్లు, జీఎస్టీ ఉంటాయి. వాటికి బీకాం పనికొస్తుంది. పద్ధతిగా నేర్చుకోవాలంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఫొటోగ్రఫీలో ఉంది, ఇంటర్ అర్హతతో ప్రవేశ పరీక్ష రాసి చేరతారు. రెండో ఏడాదిలో ఉన్న తనను ఇప్పుడు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ నాలుగేళ్లు చదివించడం నాకు సబబుగా తోచదు. డిగ్రీ అయ్యాక కూడా ఆసక్తి ఇలాగే ఉంటే అప్పుడు ఆలోచించండి.

పెళ్లిళ్లే నమ్ముకుంటే మాత్రం ఏడాదిలో కొన్ని నెలలు చేతిలో పని ఉండదు. ఆ నెలల్లో సరుకుల ఫొటోలు తీయడం నేర్చుకోవచ్చు. కొత్తవాడ జంపఖానాలు, పెంబర్తి ఇత్తడి సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే మంచి ఫొటో కావాలి. ఇత్తడి మెరుపు ఫొటోలో తెల్ల మచ్చ పడకుండా తీయడం అంత తేలికేం కాదు, నేర్చుకున్నవాళ్లకు విలువ ఉంటుంది. దీనికి పెద్ద లెన్స్ అక్కర్లేదు. ట్రైపాడ్, కిటికీ వెలుతురు, తెల్ల గుడ్డ, తన దగ్గరున్న ఆ చిన్న లెన్స్ చాలు. నర్సంపేటలో మీకు తెలిసిన బట్టల దుకాణమో సామాన్ల దుకాణమో ఉంటే, ఒక ఆదివారం వాళ్ల సరుకు ఫొటోలు తీసే అవకాశం ఇప్పించండి.