ఒక ఆటకు ఒకే విండో

తమ్ముడూ,

పైథాన్‌లో ఆటలు రాయడానికి వాడే పైగేమ్‌తో నువ్వు రాసి పంపిన ప్రోగ్రాం మొత్తం చదివాను. పైనుంచి పడే బంతుల్ని బుట్టలో పట్టే ఆట, స్కోరు పెరిగేకొద్దీ వేగం పెరగడం, రెండూ బాగా కుదిరాయి. చిక్కంతా విండోల దగ్గరే వచ్చింది. మెనూకి ఒక ఫంక్షను, ఆటకి ఒకటి, చివర్లో స్కోరు చూపడానికి మరొకటి రాశావు. మూడింటిలోనూ విండో తెరిచే సెట్_మోడ్ పిలిచావు, మూడింటిలోనూ ఆపేదాకా తిరుగుతూ ఉండే సొంత వైల్ లూపు పెట్టావు. పుస్తకంలో పేజీ తిప్పినట్టు ఒక విండో పోయి ఇంకో విండో వస్తుందని నీ ఊహ. అక్కడ జరిగేది అది కాదు.

సెట్_మోడ్ చూసుకునే డిస్‌ప్లే విండో ఒక్కటే. దాన్ని మళ్లీ పిలిస్తే రెండోది పుట్టదు, ఉన్నదాని కొలతలే మారతాయి. నీ మెనూ 400×300, ఆట 800×600 కాబట్టి స్టార్ట్ నొక్కగానే విండో ఎగిరిపడుతోంది. అంతకంటే పెద్ద చిక్కు లూపులది. మెనూ లూపు లోపలి నుంచి ఆటను పిలిచావు, ఆట లోపలి నుంచి స్కోరును, అక్కడి నుంచి మళ్లీ మెనూను. ఏదీ పూర్తయి వెనక్కి రావడం లేదు, ఒకదాని కింద ఒకటి పేరుకుపోతున్నాయి. అందుకే మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే లోపలి లూపు ఒక్కటే ఆగి, పాత ఆట మళ్లీ ప్రత్యక్షమవుతోంది. దాన్ని ఆపాలని లోపల, పైగేమ్‌నే మూసేసే పైగేమ్.క్విట్ పెట్టావు. అప్పుడు బయటి లూపు, గీసిన బొమ్మను తెరమీద చూపే ఫ్లిప్‌ను ఇంకా పిలుస్తూనే ఉంటుంది కాబట్టి ‘వీడియో సిస్టమ్ నాట్ ఇనిషియలైజ్డ్’ అని ఎర్రర్ పడుతోంది. ఆ ఎర్రర్ కనిపించినప్పుడల్లా క్విట్ అయ్యాక కూడా ఎవరో బొమ్మ గీయబోతున్నారని అర్థం చేసుకో.

కాబట్టి విండో ఒకటి, లూపు ఒకటి. సెట్_మోడ్‌ను ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారి పిలువు. ‘దృశ్యం’ అని ఒక వేరియబుల్ పెట్టి, అందులో ‘మెనూ’, ‘ఆట’, ‘ముగింపు’ అనే మూడు మాటల్లో ఏదో ఒకటి ఉండేలా చూడు. లూపు ప్రతి చుట్టులో ఈవెంట్లు (మీట నొక్కడం, మౌస్ క్లిక్ లాంటివి) తీసుకోవాలి, ప్రస్తుత దృశ్యానికి అప్పగించాలి, ఫిల్‌తో పాత బొమ్మ చెరపాలి, కొత్తది గీయాలి, చివర ఒక్కసారి ఫ్లిప్, ఆపైన లూపు సెకనుకు 60 చుట్లు మించకుండా క్లాక్ టిక్ 60. ఇంటూ గుర్తును ఈ లూపే చూసుకుంటుంది, దృశ్యాలకు దానితో పని లేదు. లూపు ముగిశాక, అన్నిటికంటే కింద, క్విట్ ఒక్కసారే.

ఈవెంట్.గెట్‌ను చుట్టుకు ఒక్కసారే పిలవాలని ప్రత్యేకంగా చెబుతున్నాను. అది క్యూలో వేచి ఉన్న ఈవెంట్లన్నీ తీసేసి ఇస్తుంది. నువ్వు క్విట్ కోసం ఒకచోట, మీటల కోసం ఇంకోచోట పిలిచావు. మొదటిది మీటల నొక్కుళ్లను కూడా మింగేస్తోంది. ‘ఒక్కోసారి స్పేస్ పనిచేయదు’ అని నువ్వు రాసిన మొర దీనివల్లే. కీబోర్డు మార్చనక్కర్లేదు.

దృశ్యం మార్చడం ఆ చుట్టు చివర్లో జరగాలి, మధ్యలో కాదు. ఆటలోకి వెళ్లే ప్రతిసారీ స్కోరు, బంతుల జాబితా, వేగం అన్నీ కొత్తగా మొదలుపెట్టు. లేకపోతే రెండో ఆట మొదటి ఆట వేగంతోనే నడుస్తుంది. మెనూలో మీట నొక్కడాన్ని, నొక్కిన క్షణంలో వచ్చే కీడౌన్ ఈవెంటుతో పట్టు, గెట్_ప్రెస్డ్‌తో కాదు. వేలు తీసేదాకా గెట్_ప్రెస్డ్ అవుననే చెబుతుంది కాబట్టి మెనూలో నొక్కిన స్పేస్ ఆటలోకి కూడా జారుకుంటుంది.

‘నాట్ రెస్పాండింగ్’ అని విండో తెల్లబోవడానికి కారణం నీ ముగింపు దృశ్యంలోని టైమ్.స్లీప్. ఐదు సెకన్లు నిద్రపోతే ఆ ఐదు సెకన్లూ ఈవెంట్లు ఎవరూ తీసుకోరు, ప్రోగ్రాం స్తంభించిందని ఆపరేటింగ్ సిస్టమ్ అనుకుంటుంది. పేరు అడగడానికి పెట్టిన ఇన్‌పుట్ కూడా అంతే, టెర్మినల్‌లో జవాబిచ్చేదాకా విండో బిగుసుకుపోతుంది. గడిచిన మిల్లీసెకన్లు చెప్పే గెట్_టిక్స్, ముగింపులోకి వచ్చిన క్షణంలో ఎంత చూపుతోందో దాచుకో. తేడా 5000 మిల్లీసెకన్లు దాటాక మెనూకి మార్చు. ఈలోగా లూపు మామూలుగా తిరుగుతూ ఉంటుంది.

బుట్ట బొమ్మను లూపు లోపల లోడ్ చేస్తున్నావు. అంటే సెకనుకు 60 సార్లు ఫైలు తెరుస్తున్నావన్నమాట. బయట ఒక్కసారి లోడ్ చేసి, బొమ్మను తెరకు తగ్గ రూపంలోకి మార్చే కన్వర్ట్_ఆల్ఫా చెయ్యి. అది సెట్_మోడ్ తర్వాతే రావాలి, ముందు రాస్తే ఎర్రర్.

ఇక కొలత. 1366×768 తెరమీద 768 ఎత్తు విండో పట్టదు, టైటిల్ పట్టీ, టాస్క్‌బార్ చోటు తినేస్తాయి. ఆటంతా 640×360లో గీసి, సెట్_మోడ్‌కు బొమ్మను తెరకు తగ్గట్టు పెద్దది చేసే స్కేల్డ్ అనే ఫ్లాగ్ ఇవ్వు. ఇది పైగేమ్ 2లో ఉంది. 640×360 రెండింతలైతే 1280×720, మూడింతలైతే సరిగ్గా 1920×1080. మౌస్ స్థానాన్ని కూడా అదే నీ కొలతలోకి మార్చి ఇస్తుంది. ట్రాన్స్‌ఫామ్‌తో చేత్తో పెద్దది చేస్తే ఆ భాగహారం నువ్వే చేసుకోవాలి, మరిచిపోతే క్లిక్ ఒకచోట, బటన్ ఇంకోచోట. ‘320, 180’ లాంటి అంకెలు ప్రోగ్రాం నిండా చల్లకు. తెర మధ్య కావాలంటే గెట్_రెక్ట్ ఇచ్చే సెంటర్ వాడు.

‘స్కోరు’ అనే మాట తెలుగులో పెట్టాలని చూశావు, గడులు వచ్చాయి. డిఫాల్ట్ ఫాంటులో మన అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు ఫైలు పక్కనే పెట్టి లోడ్ చేస్తే అక్షరాలు వస్తాయి, కానీ చాలాచోట్ల ఒత్తులు అతుక్కోవు, స విడిగా, క విడిగా నిలబడతాయి. తెలుగు మాటల్ని ముందే బొమ్మలుగా తయారుచేసి పీఎన్‌జీగా అతికించు, మారే అంకెల్ని మాత్రం ఫాంటుతో రాయి. తెలుగు వదిలెయ్యడం మాత్రం వద్దు. విండో పైనుండే శీర్షికను ఆపరేటింగ్ సిస్టమే రాస్తుంది కాబట్టి సెట్_క్యాప్షన్‌కు తెలుగు నేరుగా ఇవ్వొచ్చు.

ముందు మూడు లూపుల్ని ఒకటి చేసి పంపు. మిగతావి అది నడిచాకే ముట్టుకో.

ఆశీస్సులతో,
అన్నయ్య