యూరప్‌లో పాస్‌పోర్టు పోతే అమెరికా వీసా మాటేమిటి?

హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద అమెరికా వచ్చిన మన పిల్లలు ఉద్యోగంలో కుదురుకోగానే రోమ్, పారిస్ ప్రయాణం కడుతున్నారు. వెళ్లండి, చూడవలసిన ఊళ్లే. ఫోను, డబ్బు, కార్డులు పోతే నష్టంతో సరిపోతుంది. పాస్‌పోర్టు పోతే అందులోని అమెరికా వీసా కూడా పోతుంది. అసలు చిక్కు అదే.

ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. దొంగ దొరుకుతాడని కాదు, కాగితం కోసం. ఇటలీలో దాన్ని దెనూన్చా అంటారు. అందులో పాస్‌పోర్టు నంబరుతో పాటు వీసా పోయిన సంగతి కూడా రాయించండి. బీమా వాళ్లూ, మన ఎంబసీ వాళ్లూ అడిగేది దాన్నే.

మన ఎంబసీలో త్వరగా చేతికొచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. అది ఇండియాకు ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది. దాన్ని చూపించి న్యూయార్క్ విమానం ఎక్కుదామంటే కుదరదు. కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా వీసా లేనిదే అమెరికా తిరిగి రాలేరు. పైగా 2025 సెప్టెంబరు నుంచి వీసా ఇంటర్వ్యూకు సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో హాజరు కావాలంటున్నారు. అంటే ఎటు తిరిగినా చాలామందికి హైదరాబాద్ కాన్సులేటే గతి. సర్టిఫికెట్‌తో వెళితే ఇండియాలో మొదట పాస్‌పోర్టు, ఆ తర్వాత వీసా. యూరప్‌లో తిరగడానికి ఇచ్చిన షెంగెన్ వీసా గడువు మిగిలి ఉండి, ఖర్చుకు తట్టుకోగలిగితే పాస్‌పోర్టు యూరప్‌లోని మన ఎంబసీలోనే తీసుకుని బయలుదేరడం నయమని నా అభిప్రాయం. ఆఫీసుకూ, లాయరుకూ ఆ రోజే చెప్పేయండి. ఇండియాలో కూర్చుని పని చేయడానికి అన్ని కంపెనీలూ ఒప్పుకోవు.

మరొకటి. వీసా పోయిందని అమెరికా కాన్సులేట్‌కు ఒకసారి తెలియజేశాక, అది తర్వాత దొరికినా చెల్లదు. అందుకే ముందు హోటల్ గది, సూట్‌కేసు అరలు అన్నీ వెతకండి. దొంగతనమేనని తేలితే మాత్రం ఆలస్యం వద్దు.

గ్రీన్ కార్డు పోయినవాళ్లకు ఇంత తిరుగుడు ఉండదు. ఐ-131ఎ ఫారం నింపి, ఫీజు కట్టి అమెరికా కాన్సులేట్‌కు వెళితే, అర్హత చూసి విమానం ఎక్కడానికి పత్రం ఇస్తారు.

నకళ్లన్నీ ఈమెయిల్లో ఉన్నాయిలే అనుకుంటారు. ఆ ఈమెయిల్ తెరవడానికి ఓటీపీ వచ్చేది పోయిన ఫోనుకే! పాస్‌పోర్టు, వీసా, ఐ-797 (హెచ్‌-1బి ఆమోద పత్రం) కాగితాలను జిరాక్సు తీయించి సూట్‌కేసులో ఒక సెట్టు పెట్టుకోండి. ఇంకో సెట్టు అమెరికాలో నమ్మకమైన స్నేహితుడి దగ్గర ఉంచండి. ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. దాన్ని ఎయిర్‌పోర్టు దాటగానే మానుకోండి.