పాటిగడ్డ మీద పెంకులేరే పిల్ల ఏం చదవాలి?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ వైపు పల్లె. మా అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. రెండో ఏడు, మార్కులు బాగానే వస్తాయి. పొలంలో కనబడ్డ కుండ పెంకులన్నీ ఏరి అట్టపెట్టెలో దాస్తుంది. లోపల నలుపు, బయట ఎరుపు ఎందుకుంది, ఎవరు చేశారు అని నన్నడుగుతుంది. ఇంజినీరింగ్ వద్దు, తవ్వకాల చదువు చదువుతానంటోంది. ఆ చదువుకు బతుకుదెరువుందా? – ఒక తండ్రి

జవాబు: ముందు మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్తానండి, తర్వాత మీది. లోపల నలుపు, బయట ఎరుపు ఉండే కుండలు మన దగ్గర ఇనుప యుగపు సమాధుల్లో, పాత ఊళ్ల దిబ్బల్లో విరివిగా దొరుకుతాయి. కుండను ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, బోర్లించి కాల్చేవారని పండితులు చెప్తారు. గాలి తగిలిన బయటివైపు మట్టిలోని ఇనుము ఎర్రబారుతుంది. గాలి ఆడని లోపలివైపు, నేలకానిన అంచు నల్లబడతాయి. ఆమె కెమిస్ట్రీ పుస్తకంలో ఉన్న ఆక్సీకరణం, క్షయకరణం ఇవే. పురావస్తు శాస్త్రానికి వెళ్లాలంటే ఎం.పి.సి.లో చదివినదంతా వదులుకోవాలేమోనన్న దిగులు మీకక్కర్లేదు.

ఆ అట్టపెట్టె సంగతి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలి. ఏరడం మానమనండి. మన పల్లెల్లో ఎండాకాలం పాటిగడ్డ, అంటే పాత ఊరి దిబ్బ, తవ్వి, ఆ పాటిమన్ను బండ్లకెత్తి ఎరువుగా పొలాలకు తోలడం తాతల నాటి అలవాటు. మీ ఇంట్లోనూ తోలే ఉంటారు. మరి మీ చేలో పెంకులు అక్కడ బతికినవాళ్లవా, లేక మైలు అవతలి పాటిగడ్డ నుంచి ఎరువుతో వచ్చినవా? పెంకు ఎక్కడ, ఎంత లోతులో, వేటి పక్కన ఉందో తెలిస్తేనే ఆ లెక్క తేలుతుంది. పెట్టెలో పడ్డాక అది నోరు మెదపదు. దున్నేటప్పుడు నాణేలో విగ్రహమో బయటపడితే ఇంట్లో దాచకండి. నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన అలాంటి వాటి గురించి కలెక్టరుకు తెలపాలి. తహసీల్దారుతో మొదలుపెడితే చాలు.

మీ జిల్లా కథే ఒకటి ఆమెకు చెప్పండి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరుంది, ఆదిలాబాద్ ఉట్నూరు వేరు. అక్కడ పెద్ద బూడిద దిబ్బ. దక్కనులో ఇలాంటివి చాలా ఉన్నాయి. రాక్షసులను కాల్చిన బూడిదని కొన్ని ఊళ్లలో చెప్పుకొనేవారు. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బను తవ్వితే, పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అది. కుప్పపడ్డ పేడను మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలిన బూడిదే ఆ దిబ్బ. ఎందుకు కాల్చారన్న దానిమీద, పండగకా, శుభ్రతకా అని, ఇప్పటికీ వాదన నడుస్తోంది. ఒక్క బంగారు రేకు లేకుండా ఇంత కథ! ఇది విని ఆమె కళ్లు మెరిస్తే ఆమెను ఆపకండి.

పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. చదరాలుగా తాళ్లు కట్టి, చిన్న తాపీతో, కుంచెతో పొర తర్వాత పొర గీకుతారు. మట్టిని జల్లెడ పడతారు. ప్రతి సంచి మీద ఏ గుంట, ఏ పొర, ఎంత లోతు అని రాస్తారు. ఒకసారి తవ్విన పొర మళ్లీ రాదు, కాబట్టి రాసుకోనిది పోయినట్టే. నా దగ్గర సలహా తీసుకున్న ఒక కుర్రాడు తవ్వకానికెళ్లి రెండు వారాలకే తిరిగొచ్చాడు. నాణేలు దొరుకుతాయనుకుంటే రోజంతా పెంకులు కడిగించారట. తవ్వకం అయ్యాక నివేదిక రాయడం మరో జీవితం. సాగర్ నీళ్లొచ్చే లోపు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వారు. నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వచ్చాయి. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉందో లేదో ఈ వయసులో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అందుకే ఇప్పుడే తలుపులు మూయని దారి పట్టమంటాను.

డిగ్రీలో జియాలజీ ఉన్న బీఎస్సీ దొరికితే అదే నా మొదటి ఎంపిక. మట్టి పొరలు చదవడం అక్కడే వస్తుంది, పురావస్తు వైపు వెళ్లకపోయినా ఆ చదువుకు వేరే ఉద్యోగాలున్నాయి. తర్వాత ఎం.ఏ. ఆర్కియాలజీ. పుణె దక్కన్ కాలేజీలో సైన్సు డిగ్రీ వాళ్లకూ చోటుంటుంది. ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖ ఉంది. కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతుంది. సీట్లు బహు తక్కువ, ఎం.ఏ. ఫలానా సబ్జెక్టులోనే ఉండాలన్న నియమం ఉంటుంది. ఎం.ఏ. ఎంచుకునే ముందే ఆ ప్రకటన చదవాలి.

బతుకుదెరువు గురించి దాచకుండా చెప్తాను. పక్కా సర్కారీ ఉద్యోగాలు కొద్ది. కేంద్ర సంస్థ ఉన్నత పోస్టులకు యూపీఎస్సీ ప్రకటన ఇస్తుంది గానీ ఏటా వస్తుందన్న నమ్మకం లేదు. తవ్వకాల్లో, ప్రాజెక్టుల్లో తొలి ఏళ్లు కాంట్రాక్టు పనే ఎక్కువ. యూజీసీ నెట్ పరీక్షలో ఆర్కియాలజీ సబ్జెక్టు ఉంది. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పరిశోధనకు ఫెలోషిప్ వస్తుంది. సైన్సు తెలిసినవాళ్లకు ఇంకో గుమ్మం ఉంది: లక్నోలోని బీర్బల్ సహానీ సంస్థలో పాత గింజలు, పుప్పొడి, కర్బన కాలనిర్ణయం మీద పని జరుగుతుంది. శాసనాల లిపి చదవడం మీద మనసుంటే మైసూరులో కేంద్ర శాసన విభాగం ఉంది. ఇంట్లో అప్పులుండి, డిగ్రీ అవగానే జీతం రావాల్సిన పరిస్థితి అయితే, ఇది కష్టమైన దారి. ఆరేడేళ్లు ఆగగలిగితే వెళ్లనివ్వండి.

పరీక్షలయ్యాక ఒక నోటుబుక్కు కొనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి పాటిమన్ను ఏ దిబ్బ నుంచి, ఏ చేలకు తోలారో అడిగి రాసుకోమనండి. పెట్టెలోని పెంకుల్లో ఏది ఎక్కడ తీసిందో గుర్తున్నంత వరకు చీటీలు కట్టమనండి. వీలైతే ఒకరోజు నాగార్జునసాగర్ దగ్గరి అనుపుకు తీసుకెళ్లండి, మునిగిపోయే నాగార్జునకొండ లోయలోంచి ఇటుక ఇటుకగా తెచ్చి మళ్లీ నిలబెట్టిన కట్టడాలు అక్కడున్నాయి. చీటీలు కట్టే పని ఎన్ని రోజులకు విసుగనిపించిందో, లేక అనిపించలేదో, జూన్‌లో ఆమెనే నాకు రాయమనండి.