మబ్బు మిణుకుమంటోంది!

ప్రశ్న: మే నెల సాయంత్రం లేచిన ఉరుముల మబ్బును మేడ మీంచి టైమ్‌ల్యాప్స్ (వరసగా తీసిన ఫొటోలు కలిపి వేగంగా నడిపే వీడియో) తీశాను. వీడియో అంతా మిణుకుమిణుకుమంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేసి ఉంటారు. ప్రతి ఫొటోకీ వెలుతురును అది మళ్లీ కొత్తగా లెక్కేసుకుంటుంది. నేనూ మొదట్లో అలాగే నాలుగు సాయంత్రాలు పాడుచేసుకున్నాను. ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడూ మాన్యువల్‌లో, అంటే మారకుండా మీరే సెట్ చేసి పెట్టండి. పొంగుతున్న క్యుములోనింబస్‌కి, అంటే ఉరుముల మబ్బుకి, 3 సెకన్లకో ఫొటో చాలు. 12 నిమిషాలకు 240 ఫొటోలు, సెకనుకు 24 చొప్పున 10 సెకన్ల వీడియో. మబ్బు క్యాలీఫ్లవర్‌లా ఉబకడం అందులో చక్కగా తెలుస్తుంది. నెత్తిమీదకొచ్చాక ఆ అందం ఉండదు, దూరంగా ఉన్నప్పుడే తీయాలి.

మెరుపు తర్వాత 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు మీకు 10 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నట్టు. ట్రైపాడ్‌ను అక్కడే వదిలేసి ఇంట్లోకి రండి. మా ఇంట్లో ఆ సెకన్లు లెక్కపెట్టేది మా ఆవిడే.